ఆడిషన్ గది బయట ఆయన చెప్పిన మాట

లాస్ ఏంజెలెస్‌లో చాలా ఏళ్లు చిన్న వేషాలు వేశాను. టీవీ సీరియళ్లలో టాక్సీ డ్రైవర్‌ని, మోటెల్ గుమాస్తాని. 2001 తరువాత ఎక్కువగా ఎయిర్‌పోర్టులో పోలీసులు పక్కకు పిలిచే మనిషిని. ఏ ఆడిషన్‌కి వెళ్లినా గోడవారన కుర్చీల్లో మా రంగువాళ్లమే, అవే ముఖాలు. ఒకరికి వేషం వస్తే మిగతావాళ్లకు పోయినట్టే. అందుకే నవ్వుతూ పలకరించుకుంటూనే ఒకరిమీద ఒకరం ఓ కన్నేసి ఉంచేవాళ్లం.

వాళ్లలో నేను కాక తెలుగువాడు ఒక్కడే. నాకంటే పెద్దవాడు. మా తెలుగు సంఘానికి ఏటా నాటకం వేయించేవాడు.

ఒకసారి ఆసుపత్రి సీరియల్‌లో డాక్టర్ పాత్రకి పిలిచారు. సీజనంతా ఉండే పాత్ర. నాకంటే ముందు లోపలికి వెళ్లొచ్చిన ఆయన, నా పక్కన కూర్చుని షూ లేసు కట్టుకుంటూ తెలుగులో మెల్లగా అన్నాడు: "మన యాస పెట్టకు తమ్ముడూ. ఇక్కడ పుట్టినవాడిలా మాట్లాడు. నేను పెట్టి చెడగొట్టుకున్నా."

అప్పటిదాకా మాకు దొరికిన ప్రతి వేషమూ ఆ యాసతోనే దొరికింది. పైగా, నిజమే అయితే అంత గొంతు తగ్గించి చెప్పడమెందుకు? పాత్ర తనకే రావాలని చూస్తున్నాడనుకున్నాను. లోపలికి వెళ్లి యాస దట్టించి చదివాను. రెండో వాక్యం దగ్గరే "థాంక్యూ" అని ఆపేశారు.

ఆ వారాంతం ఒక మిత్రుడింట్లో భోజనాల దగ్గర చెప్పాను, ఆయన నన్ను ముంచబోయాడని, నేను దొరకలేదని. అందరూ నవ్వారు. ఆ మాట ఊళ్లోని తెలుగువాళ్లందరిలో తిరిగింది. కొత్తగా నటనలోకి వచ్చేవాళ్లను ఆయన మాట నమ్మొద్దని హెచ్చరించేవారు. మరుసటి ఏడు సంఘం నాటకాన్ని వేరొకరికి అప్పగించింది. ఎందుకో ఆయనకెవరూ చెప్పలేదు.

సీరియల్ వచ్చింది. డాక్టర్‌గా ఇంకెవరో వేశాడు. యాస లేదు. అయినా నా అనుమానం పోలేదు; తరువాత మార్చుకుని ఉంటారనుకున్నాను.

కొన్నేళ్లకు ఒక షూటింగ్‌లో, ఆనాడు ఆడిషన్ తీసుకున్నావిడ కలిసి నన్ను గుర్తుపట్టింది. "బయట నా ఫ్రెండ్ ఉన్నాడు, మీరు యాస వద్దన్న సంగతి అతనికి చెప్పొచ్చా అని మీ ముందు వచ్చినాయన అడిగాడే. చెప్పలేదా?" అంది.

ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "నాటకం అందుకా పోయింది," అన్నాడు.

అదే మిత్రుడింట్లో, అదే మనుషుల ముందు, జరిగింది చెప్పాను. మిత్రుడు పప్పు వడ్డిస్తూ, "అయితే ఇప్పుడు నీకేదో వేషం ఇప్పిస్తున్నాడన్నమాట," అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు.

ఆయన నాకు ఏ వేషమూ ఇప్పించలేదు. అప్పటికే నటన మానేశాడు. నా అనుమానాన్ని జరిగిన సంగతిగా చెప్పింది నేను.