ఒళ్ళో రాయి

సెడ్రిక్ హార్కర్ మోకాళ్ళ మీద కూర్చుని, కూలిన గోడ రాళ్ళను ఒక్కొక్కటే ఎత్తి గడ్డి మీద వరసలుగా పరుస్తున్నాడు. పెద్దవి దగ్గరగా, చిన్నవి వాటి వెనక, గోడ నెత్తిన నిలబెట్టే పలకరాళ్ళు అన్నిటికన్నా అవతల. ఆయన వెనక ఆరుగురు మగవాళ్ళు జేబుల్లో చేతులు పెట్టుకుని చూస్తున్నారు.

"చూస్తే గోడ లేవదు నాయనా. చేతులు బయటికి తియ్యండి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

అది 1987 మార్చి. యార్క్‌షైర్ కొండల్లో కెటిల్‌బెక్ అనే ఊరి శ్మశానం. చలికాలపు మంచు బరువుకు గోడ కూలి, గొర్రెలు లోపలికొచ్చి సమాధుల మీది పూలు మేసిపోతున్నాయి. ఆ ఆరుగురూ చిన్నాచితకా నేరాలు చేసినవాళ్ళు. జైలుకు బదులు శనివారాలు ఊరిపని చెయ్యమని కోర్టు చెప్పింది. పని చేయించడానికి సెడ్రిక్‌ను పిలిచారు. ఆయనకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. పన్నెండో ఏట తమ పొలం గోడనే విప్పి, మళ్ళీ పేర్చి, అది కూలితే ఇంకోసారి పేర్చి నేర్చుకున్నాడు.

సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి, నడుమ చిల్లరాళ్ళు. నియమం ఒక్కటే చెప్పాడు: "పేర్చడానికి ఎత్తిన రాయిని మళ్ళీ కింద పెట్టకూడదు. దానికి గోడలో చోటు వెతకాల్సిందే."

ఈ మాటను అందరికన్నా గట్టిగా పట్టుకున్నవాడు ట్రెవర్. నలభై దాటినవాడు. పనిచేసిన మిల్లు మూతపడితే అందులోని రాగి తీగలు పీకి అమ్ముకుని దొరికిపోయాడు. చేతిలోకి తీసుకున్న రాయిని తిప్పితిప్పి చూస్తూ గోడ పొడుగునా తిరిగేవాడు.

మూడో శనివారం పదింటికి, టీ వేళకు, టౌను వారపత్రిక మనిషి వచ్చాడు. రెండు నిమిషాలు నిలబడి, ఒక్క ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. గురువారం పత్రికలో మొదటి పేజీనిండా అదే. కప్పులు పట్టుకుని నవ్వుతున్న ఆరుగురు. పైన "దొంగలకు కొండల్లో విహారం". కింద చిన్న అక్షరాల్లో "ఒళ్ళో తిండి పొట్లంతో ఒక నేరస్థుడు".

"మీ చుట్టాలకు కేకులు పంపించమంటావా సెడ్రిక్?" అంది రొట్టెల కొట్టామె, కొట్లో అందరూ వినేలా.

"పంపు. నిన్నటివి మాత్రం వద్దు," అని రొట్టె తీసుకుని వచ్చేశాడు. కానీ ఇంటికి వెళ్ళాక ఆ రొట్టెను పిట్టలకు వేసేశాడు.

శ్మశానం సంఘానికి పెద్ద డొరీన్ ఆల్డర్సన్. ఆమె భర్త సమాధి గోడ కూలినచోటి పక్కనే ఉంది. "శనివారం వచ్చి నా కళ్ళతో చూస్తాను. సోమవారం సంఘం కూర్చుంటుంది," అని సెడ్రిక్‌కు ఫోన్ చేసింది. పని ఆపేస్తే ఆరుగురూ తిరిగి కోర్టుకు వెళ్ళాలి. ఆ పత్రిక జడ్జిగారి బల్ల మీదా ఉంటుంది.

శనివారం పొద్దున ట్రెవర్ సెడ్రిక్ దగ్గరికొచ్చాడు. "పెద్దాయనా, ఇవాళ టీ మానేద్దాం. నాకు ఇద్దరు ఆడపిల్లలు. నేను జైలుకెళ్తే వాళ్ళ గతేంటి?"

"పదింటికి టీ మా నాన్న కాలం నుంచీ ఉంది. దాక్కుని తాగితే తప్పు చేసినట్టే ఉంటుంది," అన్నాడు సెడ్రిక్. అన్నాడే కానీ, టీ కెటిల్ కింద స్టవ్ వెలిగించడానికి ఆయనకు మూడు అగ్గిపుల్లలు పట్టాయి.

డొరీన్ సరిగ్గా పదింటికే గేటు తీసుకుని వచ్చింది. సంచిలో మడిచిన పత్రిక. ఆరుగురూ రాళ్ళ మీద కూర్చుని ఉన్నారు, చేతుల్లో కప్పులు. అచ్చు ఫోటోలో ఉన్నట్టే.

"బావుంది. పత్రికవాళ్ళు అబద్ధం రాయలేదన్నమాట," అంది.

ఆమె చూపు ట్రెవర్ దగ్గర ఆగింది. అతని ఒళ్ళో ఒక రాయి ఉంది.

"అదేంటి?"

"రాయమ్మా. ఇంకా చోటు దొరకలేదు. కింద పెట్టకూడదు కదా."

"ఎంతసేపైంది?"

"తొమ్మిదిన్నర నుంచీ."

డొరీన్ సంచిలోంచి పత్రిక తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. తరవాత అక్కడే ఒక రాయి మీద కూర్చుంది.

"మా నాన్నా గోడలు పేర్చేవాడు. ఆయనా ఇంతే. మధ్యాహ్నం అన్నానికి కూడా ఒళ్ళో రాయితోనే వచ్చేవాడు. 'ఆ రాయినే పెళ్ళి చేసుకోకపోయావా' అని మా అమ్మ తిట్టేది." పత్రిక మడిచేసింది. "ఫోటోలోదీ రాయే. తిండి పొట్లమట! వీళ్ళు గోడ ఎప్పుడైనా చూశారా?"

సెడ్రిక్ ఆమెకు కప్పులో టీ పోసి ఇచ్చాడు. ఆమె తాగుతూ, గోడలో ఒకచోటికి వేలు చూపించింది. "అక్కడ పెట్టి చూడు బాబూ. రాయి పొడుగు గోడ లోపలికి పోవాలి."

ట్రెవర్ లేచి రాయిని తిప్పి తోశాడు. కదలకుండా కూర్చుంది.

సోమవారం సంఘం మే నెలాఖరు దాకా గడువిచ్చింది. డొరీన్ పత్రికకు ఉత్తరం రాస్తే, గొర్రెల సంత ధరల కింద రెండు వరసలు వేశారు. ఊళ్ళో సగంమంది ఫోటోనే నమ్మారు. రొట్టెల కొట్టామె అయితే చివరిదాకా.

తరవాతి ఏళ్ళలో సెడ్రిక్ ఎన్నో గోడలు కట్టాడు, మంచి కూలికి, మంచి పనివాళ్ళతో. అయినా ఎప్పుడు కెటిల్ కూత విన్నా ఆయనకు ఆ శనివారాలే గుర్తొచ్చేవి. తడి రాతి వాసన, డొరీన్ పంపిన అల్లం కేకు, చోటు కోసం రాయి మోసుకుంటూ తిరిగే ట్రెవర్.

ఆ మే నెల చివరి శనివారం ట్రెవర్ ఆ పత్రికను ఉండచుట్టి గోడ నడుమ కూరబోయాడు.

"వద్దు. కాయితం కుళ్ళి గోడలో గుల్ల పడుతుంది. చిల్లరాళ్ళు వెయ్యి," అన్నాడు సెడ్రిక్.

చిల్లరాళ్ళే వేశారు. పలకరాళ్ళు నిలబెట్టారు. సెడ్రిక్ గోడ ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఒక్క రాయి కదల్లేదు. దిగి, గోడ తిన్నగా రావడానికి కట్టిన హద్దుతాడు చుట్టి జేబులో పెట్టుకుని, గేటు తాళం చెవి డొరీన్ చేతిలో పెట్టాడు. ఆమె కోర్టుకు చూపించాల్సిన ఆరుగురి పని కార్డులనూ కొత్త గోడకు ఆనించి, ఒక్కొక్కదాని మీదా సంతకం చేసి ఇచ్చింది.