ఖుర్షీద్ మేస్త్రి మూడు వానకాలాల పూచీ

తాండూరు ఖుర్షీద్ మేస్త్రి ఇల్లు కట్టి అప్పగించేటప్పుడు కాగితం మీద ఏమీ రాసిచ్చేవాడు కాడు. ఇంటివాళ్లందరినీ అరుగు మీద కూర్చోబెట్టి నోటితోనే చెప్పేవాడు. వానలకు ముందే మిద్దె తూములు శుభ్రం చేయాలి. బండల సందుల్లో సున్నం రాలితే అప్పుడే నింపాలి. గోడ మొదట్లో నీళ్లు నిలవనివ్వకూడదు. ఇంత చెప్పి, "మూడు వానకాలాలు నా జిమ్మా" అని పూచీ పడేవాడు. ఆ గడువులో ఎక్కడ పగులు వచ్చినా రైలెక్కి వచ్చి, కూలి అడగకుండా బాగుచేసి పోయేవాడు. 1969 నుంచి వికారాబాద్‌లో అతనికి పనులు దొరికింది ఆ మాట మీదనే.

1976లో మర్పల్లి రైతు రాజేందర్ రెడ్డి వికారాబాద్‌లో ఇల్లు మొదలుపెట్టాడు. పునాది గట్టి మొరం మీద నిలిచింది. పునాది గోడల నడుమ నేల ఎత్తుకు మట్టి నింపే సమయానికి అతని తల్లి లక్ష్మమ్మ తమ రేగడి చేని మట్టిని బండ్ల మీద తెప్పించింది. సొంత చేని మట్టి పడని ఇంట్లో కాలు పెట్టనని పట్టుబట్టింది.

నల్లరేగడి నీరు పీలిస్తే ఉబ్బుతుంది; ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. తాండూరు చుట్టుపట్ల ఇళ్లు కట్టినవాడికి ఇది కొత్త సంగతి కాదు. ఖుర్షీద్ ఆ మాటే చెప్పి, పిడికెడు మట్టి నడింట్లో పోసి మిగతాదంతా ఉబ్బని మొరంతో నింపుదామన్నాడు.

"గా మట్టిల మా ఆయన చెమట ఉన్నది కొడుకా," అన్నది లక్ష్మమ్మ. "పిడికెడంటే ఎట్ల? ఆయన నాకు పిడికెడేనా?"

ఖుర్షీద్ రాజేందర్ వైపు చూశాడు. రాజేందర్ బండ్ల వైపు చూశాడు. ఈ ఇంటికి నా పూచీ లేదని ఖుర్షీద్ అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. మట్టిని పొరలుగా వేయించి, దిమ్మిసతో కొట్టించి, పైన తాండూరు బండలు పరిచాడు. ఇల్లు అప్పగించిన రోజున అలవాటు మాట కూడా ఇచ్చాడు.

లక్ష్మమ్మ వెనక గోడకు ఆనించి అరటి నాటి, స్నానాల నీళ్లు దానికి మళ్లించింది. మొదటి వానకాలానికే వంటింటి బండలు పైకి లేచాయి. ఖుర్షీద్ వచ్చి వాటిని ఎత్తి, సమం చేసి, మళ్లీ పరిచాడు. అరటిని తీసేయమంటే ఆమె వినలేదు. మరుసటి ఏడు నడిల్లు కూడా ఉబ్బి, తలుపులు బండలకు ఒరుసుకోసాగాయి. చేతిలో ఉన్న పని వదులుకొని అతను మళ్లీ వచ్చాడు.

ఇంట్లో ఎప్పుడూ ఉర్దూ మాట్లాడే భార్య అలీమాబీ, పక్కింటివాళ్లకు కూడా అర్థం కావాలని తెలుగులో ఎత్తిపొడిచింది. "గా పటేల్ ఇల్లు నీకు రెండో పెండ్లమైంది. వాన మొగులు పట్టంగనే యాదికొస్తది."

మూడో ఏడు ఖుర్షీద్ రాజేందర్‌ను పక్కకు పిలిచాడు. "పటేలా, మట్టి మొత్తం తోడేద్దాం. చాకిరి నాది. అమ్మకు జర నువ్వు చెప్పు."

అమ్మ బతికి ఉన్నన్నాళ్లు ఆ ముచ్చట ఎత్తవద్దన్నాడు రాజేందర్. ఇంటికి వచ్చిపోయేవాళ్లు ఉబ్బిన నేలను చూసి, కట్టిందెవరని అడిగేవారు. రాజేందర్ ఖుర్షీద్ పేరు చెప్పేవాడు. మట్టి సంగతి చెప్పేవాడు కాడు. పూచీ గడువు తీరేసరికి వికారాబాద్‌లో ఖుర్షీద్‌ను పిలిచేవాళ్లు కరువయ్యారు.

1982లో లక్ష్మమ్మ పోయింది. కర్మలు ముగిశాక రాజేందర్, మొగులప్ప అనే మేస్త్రి చేత రేగడి అంతా తోడించి మొరం నింపించాడు. అది విని ఖుర్షీద్ ఎవరూ పిలవకుండానే చూడవచ్చాడు. నేల సమంగా ఉంది. తలుపులు తేలికగా పడుతున్నాయి. కొత్తగా ఇల్లు కట్టబోతున్న బాల్‌రాజ్ అనే ఆయన, లోపం ఎక్కడ జరిగిందని రాజేందర్‌ను అడుగుతున్నాడు.

"ముందటి మేస్త్రి రేగడి నింపిండు," అన్నాడు రాజేందర్, ఖుర్షీద్‌ను చూస్తూనే.

"మట్టి అమ్మ తెప్పించింది పటేలా."

"అమ్మకేం ఎరుక? మేస్త్రివి నువ్వు."

ఆ మాటలో అబద్ధం లేకపోవడమే ఖుర్షీద్‌ను ఎక్కువగా కోసింది.

బాల్‌రాజ్ ఇల్లు మొగులప్ప కట్టాడు. ఖుర్షీద్ మళ్లీ ఏ ఇల్లూ ఒప్పుకోలేదు. తాండూరు గనిలో బండల అంచులు చెక్కే పనికి కుదిరాడు. లారీకి ఎక్కించిన బండ ఏ ఊరికి పోతుందో, దాని కింద ఏ మట్టి పడుతుందో అక్కడ అతన్ని ఎవరూ అడగరు.