ఈశాన్యం ఏ మూల?

ఒక వేలి బరువెంత ఉంటుంది? నా కుడిచేతి చూపుడు వేలిని నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నవ్వకండి. నవ్వించడం నాకు అలవాటే గానీ, ఈసారి మాత్రం కాస్త వినండి. మా ఆయనకి కూడా చెప్పని మాట ఇది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

గుంటూరు పాత బజారులో, పత్తి వ్యాపారులెవరో ఎప్పుడో కట్టించిన రెండంతస్తుల మేడ ఒకటుంది. లావుపాటి సున్నం గోడలు, టేకు స్తంభాలు, ముందు పొడుగాటి వరండా. లోపల ఏళ్ళ తరబడి తాళం. వరండా మాత్రం మాది. ఒక చివర నా పూలబుట్ట, ఇంకో చివర మస్తాన్ బాబాయ్ కుట్టుమిషను. ఆయన నాకు చుట్టం కాదు, కానీ ఆయన్ని ఇంకెలా పిలవాలో నాకు తెలియదు. ఐదో తరగతిలోనే బడి మానేసి బుట్ట పట్టుకున్నదాన్ని. నోరు మాత్రం మానలేదు. అందుకే ఆయన నన్ను రేడియో అనేవాడు. “రేడియో, కాస్త ఆపమ్మా, కుట్టు వంకర పోతోంది” అంటే, “నీ కళ్ళజోడుని తిట్టు బాబాయ్, నన్నెందుకూ” అనేదాన్ని. పూలు కట్టే దారం అయిపోతే అడగకముందే ఒక ఉండ నా వైపు దొర్లించేవాడు. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళని నా దగ్గర మూర పూలైనా కొనకుండా కదలనిచ్చేవాడు కాదు.

తర్వాత ఆ మేడలోకి కంప్యూటర్ల షోరూమ్ వచ్చింది. అద్దాల తలుపులు, ఏసీ. గుళ్ళోకి వెళ్తున్నట్టు జనం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళు. ఓనరు ఒంగోలు వైపు కుర్రాయన, మంచివాడే. మమ్మల్ని కదలమని అనలేదు. కానీ షోరూమ్ తెరవడానికి ముందు, ఒక మిట్టమధ్యాహ్నం, ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి వచ్చాడు. అటునుంచి వాళ్ళ నాన్న వాస్తు చెబుతున్నాడు. ఈశాన్యం మూల బరువుండకూడదట, అక్కడ ఎవరున్నా లేపెయ్యాలట. రెండో మూలవాళ్ళు ఉండొచ్చట. మా బజారు మెలికలు తిరిగి ఉంటుంది, సూర్యుడేమో నడినెత్తిన ఉన్నాడు. ఊరికి కంప్యూటర్లు అమ్మడానికి వచ్చిన మనిషికి దిక్కు తెలియక నన్నడిగాడు.

“ఏమ్మా, ఇక్కడ ఈశాన్యం ఏ మూల?”

నాకు తెలుసు. పొద్దు ఎటు పొడుస్తుందో రోజూ చూసేదాన్ని. ఈశాన్యం నా మూల.

బాబాయ్ మసీదుకి వెళ్ళి ఉన్నాడు. నా వేలు లేచింది. “అదుగో, ఆ మిషను ఉన్న మూలేనండీ” అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఎందుకలా అన్నాను? ఎండలోకి వెళ్తే పూలు వాడిపోతాయని భయమా? మిషను ఎక్కడ పెట్టినా తిరుగుతుందిలే అనుకున్నానా? అంత ఆలోచించే వ్యవధి ఉందా అసలు? ఉంది. కుర్రాయన ఫోనులో “సరే నాన్నా” అనేంతసేపూ ఉంది. “తప్పు చెప్పానండీ” అనడానికి అది చాలు.

సాయంత్రం మిషను దించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. బాబాయ్ వరండా వెనక గోడ వైపు చాలాసేపు చూశాడు. సాయంత్రం నమాజుకి రోజూ, అదే పడమర అని, ఆ గోడ వైపు తిరిగే చాప పరుచుకునేవాడు.

“అమ్మాయ్, నా మూల ఈశాన్యమంట. ఆ లెక్కన ఈ గోడ దక్షిణమవుద్ది గదా. ఇన్నేళ్ళూ నేను దక్షిణానికి తిరిగి నమాజు చేశానంటావా?”

“పోనీలే బాబాయ్, దక్షిణానికి వేసినా నీ ఉత్తరం చేరే ఉంటుందిలే” అన్నాను.

పగలబడి నవ్వాడు. “నీ నోరు పడిపోనూ” అన్నాడు, ముద్దుగా.

ఆ నవ్వే నన్ను నిద్రపోనివ్వదు. ఆయన నిజంగా అనుమానపడి అడిగాడా? లేక అంతా తెలిసే, నేను ఒప్పుకోవడానికి సందు వదిలాడా? ప్రతి పొద్దూ చూసే మనిషికి పడమర తెలియకుండా ఉంటుందా? మూల పోయినందుకు కాదు, తను తిరిగిన దిక్కు మీద ఆయనకి ఒక్క పూటైనా అనుమానం కలిగించి, ఆ అనుమానం మీద కూడా జోకు వేసినందుకు నాకు నేనంటే అసహ్యం.

బాబాయ్ ఎదురుగా మురుగుకాలవ పక్కన రేకు కింద కూర్చున్నాడు. అక్కడ నిలబడి కొలతలివ్వడానికి ఆడవాళ్ళు ఇబ్బంది పడ్డారు. కొన్నాళ్ళకి చీరాలలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. షోరూమ్ మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. అసలైన ఈశాన్యంలో నేనూ, నా బుట్టా, నా బరువూ కూర్చునే ఉన్నాం.

ఒకసారి చీరాల వెళ్ళి ఆయన్ని చూశాను. ఒప్పుకుందామనే వెళ్ళాను. “రేడియో వచ్చిందే!” అని కూతుర్ని కేకేసి టీ పెట్టించాడు. సాయంత్రందాకా ఇంటిల్లిపాదినీ నవ్వించి తిరిగొచ్చాను. ఆ తర్వాత ఆయన పోయాడని తెలిసింది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. రాస్తుంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అంతే. ఆ సాయంత్రం చెప్పాల్సిన మాటని వేళాకోళం లేకుండా ఇప్పుడు చెబుతున్నాను.

బాబాయ్, నువ్వు తిరిగింది పడమరకే.