రొట్టె విరగని ఆదివారం

నేను తిరువొత్తియూరు పోయింది సముద్రం చూడ్డానికి కాదు, ఒక మనిషి తల పగలకుండా చూడ్డానికి. మా అక్క కార్డు రాసింది: ఆదివారం గుడికి రత్నం వస్తాడంట, మీ బావ తమ్ముళ్లు ఇనప కడ్డీలు తెచ్చి పెట్టుకున్నారు, మీ బావ నోరు తెరవడు, నువ్వు నవ్విస్తావు గదా, వచ్చి ఏదన్నా చెయ్యి అని.

రెండు నెలల కిందట ఫ్యాక్టరీ సమ్మెలో, పనికి పోయేవాళ్ల లారీ మీద రత్నం రాయి విసిరాడు. అది అక్క కొడుకు దానియేలుకు తగిలింది. మూడో రోజు పోయాడు. ఇద్దరూ ఒకే గుడిలో పక్కపక్కన కూచుని బైబిలు వాక్యాలు వల్లించినవాళ్లు. రత్నం ఇప్పుడు జామీను మీద బయటికొచ్చాడు.

శనివారం పొద్దున ఐదున్నరకు నెల్లూరులో పాసింజరు ఎక్కాను. మూడో తరగతి పెట్టెలో జిల్లా జనాభా సగం, కోళ్లు మొత్తం ఉన్నాయి. ఎవరిదో గుమ్మడికాయ గూడూరు దాకా నా ఒళ్లోనే ప్రయాణం చేసింది. అక్కడ కొన్న ఇడ్లీలతో వంతెన కట్టొచ్చు. నేను దిగే ఊరు విని పక్కాయన, "ఆడ సమ్మె గొడవ ఇంకా సల్లారలేదయ్యా, జాగర్త" అన్నాడు. పోదలచినవారు మద్రాసు సెంట్రల్ దాకా పోనక్కర్లేదు. బండి తిరువొత్తియూరులోనే ఆగుతుంది. పన్నెండు కావస్తుండగా దిగాను.

బస అక్క ఇంట్లోనే. ఉన్నది ఒక్క గది. తలుపు వెనక నాలుగు కడ్డీలు, వాటి పక్కన నాకు చాప. భోజనాల దగ్గర నా హాస్యమంతా బండ్లకొద్దీ దింపాను. బావ పులుసన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తలేదు. అక్క ఒక్కతే నా కోసం నవ్వింది. ఆ నవ్వు కన్నా ఏడుపే నయం.

ఆదివారం తొమ్మిదికి గుడికి పోయాం. తాటాకుల పాక. దానికో కట్టుబాటుంది. నెలకోసారి ప్రభుభోజనం నాడు, రొట్టె విరిచే ముందు, ఎవరి మధ్యనైనా పగ ఉందా అని ఉపదేశి అడుగుతాడు. ఉంటే ఎవరికీ రొట్టె లేదు, వాళ్లు రాజీపడేదాకా అందరూ కూచోవలసిందే. కానుక వదిలి ముందు సోదరుడి దగ్గరికి పొమ్మన్న యేసు మాటను వీళ్లు అంత గట్టిగా పట్టుకున్నారు. కుళాయి దగ్గర బిందెల తగాదాలు అలాగే తీరేవట.

రత్నం వచ్చాడు. లోపలికి రాకుండా బయట చెప్పుల దగ్గర ఎండలో కూచున్నాడు. ఉపదేశి ప్రశ్న అడిగాడు. కడ్డీలు చుట్టిన చాపతో బావ తమ్ముళ్లు లేచారు. బావ వాళ్లను కూచోమని సైగచేసి తనే బయటికి నడిచాడు. వెనకాలే నేను.

రత్నం లేచి తల వంచాడు. "కొట్టు మామా."

బావ అతని పక్కన ఇసుకలో కూలబడ్డాడు. "లోపలికి రమ్మనేదానికి నాకు నోరు రాలేదురా. ఎప్పుడన్నా వస్తుందో రాదో. కొట్టొద్దని మాత్రం ప్రభువు తెలిసేట్టు చెప్పిపోయినాడు. అందుకని ఈడ కూచుంటా."

పెద్ద తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. "అన్నా, లెయ్. ఎవుడి పక్కన కూచున్నావో తెలుసా?"

"తెలుసు. కడ్డీ లేస్తే ముందు నా మీద పడాల."

పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూచున్నాం. ఆ ఇసుకలో అప్పడాలు కాల్చుకోవచ్చు. ఉపదేశి రొట్టె మీద గుడ్డ కప్పేశాడు. తమ్ముళ్లు చాప చంకన పెట్టుకుని ఇంటికి పోయారు. కడ్డీలు పారెయ్యలేదు. బావ రత్నాన్ని వాళ్లింటి గడప దాకా దింపాడు.

నాలుగింటి బండికి తిరుగు ప్రయాణం. ఎదురు సీటులో ఒక టీచరమ్మ నా మొహం చూసి ఏమైందని అడిగితే ఉన్నదంతా చెప్పాను.

"అయితే రాజీ కాలేదు."

"కాలేదమ్మా."

"మరేం సాధించినట్టు?"

దోమను ఏనుగు చేసే నేను, పొన్నేరి దాటేదాకా ఒక పెద్ద మాట కోసం వెతికాను.

"ఈ మధ్యాహ్నం రత్నం వాళ్లమ్మ కొడుక్కి అన్నం పెట్టిందమ్మా" అన్నాను.