ముప్పై ఒకటో ప్రశ్న

మా మేనమామను ఆఫీసులో అందరూ త్రాసు అనేవారు. ఎనిమిదో తరగతి పిల్లలకు పెట్టే తర్కం పరీక్షలో ప్రశ్నలు సరిగా పనిచేస్తున్నాయో లేదో తూచి చెప్పడం ఆయన ఉద్యోగం. పెద్ద బడిలో సీటు ఆ పరీక్షతోనే తేలిపోయేది. ఆయన పద్ధతి తేలికే. ఎక్కువ మార్కులు వచ్చిన వందమంది జవాబు పత్రాలు ఒక కట్ట, అందరికన్నా తక్కువ వచ్చిన వందమందివి ఇంకో కట్ట. ఒక్కో ప్రశ్నకూ రెండు కట్టల్లో ఎంతమందికి మార్కు పడిందో లెక్క చూసేవాడు. పైవాళ్ళు తప్పి కిందివాళ్ళు గట్టెక్కారంటే లోపం పిల్లల్లో లేదు, ప్రశ్నలోనో జవాబుల పట్టికలోనో ఉంది. అలాంటిదాన్ని ఫలితాలకు ముందే తీసెయ్యాలి.

నేను పరీక్ష రాసిన ఏడు మాత్రం ఆయన ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఇంటి పిల్లలు రాస్తుంటే పక్కకు తప్పుకోవాలని అక్కడి నియమం. మా ఇంటిపేర్లు వేరు, నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మా మహానుభావుడు తనే వెళ్ళి చెప్పాడు. ఆ నిజాయితీ మండిపోను. ఆయన బదులు కూర్చున్నవాడు కట్టలు విప్పకుండానే సంతకం పెట్టేశాడు.

సీటుకు నాకు ఒక్క మార్కు తగ్గింది. గోడకు అంటించిన జవాబుల పట్టిక చూసి పరుగున మావయ్య దగ్గరికి వెళ్ళాను.

"ముప్పై ఒకటో ప్రశ్న చూడు. కొందరు వడ్రంగులు ఈతగాళ్ళట. ఈతగాళ్ళంతా పొడుగువాళ్ళట. అంటే కొందరు వడ్రంగులు పొడుగువాళ్ళనేగా మావయ్యా? పట్టికలో వడ్రంగులంతా అని ఉంది. మూడు రోజులే గడువు, అర్జీ రాసిపెట్టు."

ఆయన కాగితం వంక కూడా చూడలేదు. "నీ పేపరు నేను ముట్టుకోకూడదమ్మా. అయినా సీటు పోయిన ప్రతివాళ్ళకీ ప్రశ్నే తప్పనిపిస్తుంది."

అమ్మకు చదువు రాదు. గడువు దాటిపోయింది. రెండేళ్ళు తిరక్కుండా ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లకు ఇస్త్రీ పెట్టడానికి కుదిరాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మావయ్య నెలకోసారి వచ్చి, నా చేతి భోజనం తిని, బాగుందని వెళ్ళేవాడు.

పోయిన నెల ఆయన మంచాన పడ్డాడు. పక్క మారుద్దామని వెళ్ళేసరికి బస్సు కండక్టరు ఒకాయన మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర నాతో అన్నాడు.

"మా ఇంటికొచ్చి మరీ చెప్పారండి, ముప్పై ఒకటోదానికి నా జవాబే కరెక్టని. నాదీ ఒక్క మార్కే పోయింది. మీకు తెలిసే ఉంటుంది."

లోపలికి వచ్చి ఆయన ఆఫీసు కాగితాలుండే బీరువా తీశాను. ఒక జాబితా దొరికింది. మావయ్యను నిలదీస్తే అంతా చెప్పాడు. మరుసటి ఏడు పాత కట్టలు తనే విప్పాడట. ఆ ప్రశ్నకు పై వందమందిలో పద్నాలుగు మందికే మార్కు పడింది, కింది వందమందిలో నలభై ఆరుగురికి. పై అధికారి దగ్గరికి తీసుకెళ్తే, "పరీక్ష మొత్తం మీద నాణ్యంగానే ఉంది. ఒక్క ప్రశ్న కోసం ఇప్పుడు రచ్చ చేస్తావా?" అన్నాడట. అప్పుడు ఆ జవాబు సరిగా రాసి కూడా ఒక్క మార్కుతో పోయిన ముప్పై ఎనిమిది మంది వివరాలు రాసుకుని, ఆదివారం ఆదివారం ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాడు. ముప్పై ఏడు టిక్కులున్నాయి. నా నంబరు పక్కన ఏమీ లేదు.

"నన్నొక్కదాన్నే ఎందుకు వదిలేశావు?"

"వాళ్ళకి పరీక్ష అన్యాయం చేసింది. నీకు చేసింది నేను. వాళ్ళ గుమ్మాల్లో నిలబడగలిగాను గానీ, నీ ఎదుట నోరు పెగల్లేదు."

"ఇప్పుడు చెప్పు."

"నీ జవాబే సరైందమ్మా."

పద్నాలుగేళ్ళప్పుడు ఆ మాట కోసం ఎంత ఏడ్చానో. ఇప్పుడు వింటే కోపం తప్ప ఇంకేమీ రాలేదు. ఆయన దిండు కింద తడిమి పెన్సిలు తీశాడు.

"టిక్కు పెట్టనా?"

"వద్దు," అన్నాను. జాబితా బీరువాలో పెట్టి, ఆయన్ని పక్కకు తిప్పి, దుప్పటి మార్చాను.