కాశీలో వదిలిన శెనక్కాయలు

మా పెద్దమ్మంటే నాకు ఒళ్లు మంట. దాచుకోను. మా అమ్మను కాశీకి వెంటబెట్టుకొని పోయింది ఆమే. అక్కడ గంగలో మునిగి ఇష్టమైన తిండి ఒకటి వదిలేయాలి కదా, ఇక చచ్చేదాకా ముట్టకూడదు. పెద్దమ్మ కాకరకాయ వదిలింది. ఆమె కాకరకాయ తినగా ఎవరు చూశారు! అమ్మను మాత్రం, "నీకు బాగా ఇష్టమైంది వదిలితేనే పుణ్యం" అని పోరి పోరి, శెనక్కాయలు వదిలించింది.

ఆత్మకూరులో మాది శెనక్కాయల వ్యాపారం. ఇంటి నిండా మూటలే. మాంసం, గుడ్డు మా గడప తొక్కవు. పప్పు తింటే అమ్మకు కడుపుబ్బరం. ఇక ఆమెకు మిగిలింది చారన్నం, మజ్జిగన్నం.

రెండేళ్లలో రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. కర్నూలు డాక్టరు రక్తపరీక్షలు చేయించాడు.

"జింకు బాగా తక్కువ ఉంది. ఈ వయసులో రోగాన్ని తట్టుకునే శక్తి ఎట్లాగూ తగ్గుతుంది, జింకు చాలకపోతే ఇంకా తగ్గుతుంది. శెనక్కాయల్లో అది ఉంటుంది, తినిపించండి. మూడోసారి వస్తే కష్టం."

బిళ్లలు కూడా రాశాడు. పూజ కానిదే మెతుకు ముట్టని మనిషి, పరగడుపున మింగి వాంతి చేసుకుంది. మళ్లీ ఆ డబ్బా ముట్టలేదు.

"పిడికెడు తినమ్మా, నీకు దండం పెడతా" అన్నాను.

"గంగమ్మకు మాటిచ్చినా నాయనా. తప్పితే కండ్లు పోతాయి."

పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆ మహాతల్లి వాకిట్లో కూర్చుని శెనక్కాయలే నములుతోంది!

"నువ్వు చెప్తే వింటుంది. తినమని ఒక్క మాట చెప్పు."

"నేనెట్ల చెప్తానప్పా? ఆ పాపం నాకు చుట్టుకుంటాది" అంది, పొట్టు ఊదుకుంటూ. సిగ్గన్నా ఉండాలి.

ఆ చలికాలమే మూడోసారి వచ్చింది. కర్నూలు ఆసుపత్రి నుంచి అమ్మను శవంగా తెచ్చుకున్నాం.

కర్మ రోజు, పోయినామెకు ఇష్టమైనవి ఉంటే విస్తట్లో పెట్టమన్నాడు అయ్యవారు. పెద్దమ్మ లేచి కొంగులోంచి పొట్లం తీసింది. వేయించిన శెనక్కాయలు.

"మా చెల్లెలికి ఇవంటే శానా ఇష్టమప్పా."

"బతికున్నప్పుడు ఏమైంది పెద్దమ్మా ఈ ఇష్టం?" అని అందరి ముందూ అరిచాను.

"ఊరికే అరుస్తావేమప్పా? మాట బతికినన్నాళ్లే కదా. ఇప్పుడు తినొచ్చు."

ఆ పొట్లం ఆమె మొహాన కొట్టాలనిపించింది. కానీ అవి అమ్మకు ఇష్టం. నా చేత్తోనే విప్పి విస్తట్లో పోశాను.