కాక కళ్ళ రంగు

కాక పోయాడని అశోక్ చౌక్‌లో ఆటో ఎక్కుతుంటే ఫోన్ వచ్చింది. పచ్చకామెర్లు ముదిరిపోయి వారం కిందటే ఆస్పత్రిలో చేర్చారు. చేర్చిన రోజే డాక్టరు "ఇన్ని నెలలు ఎవరూ చూడలేదా?" అని అడిగాడట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు ఒకటే భయం. ఎందుకంటే నేను చూశాను.

కాక నాకు చుట్టం కాదు, ఆడపిల్లనని చూడకుండా పని నేర్పిన గురువు. భవాని పేట్‌లో రెండు మరమగ్గాల కార్ఖానాల నడుమ ఇరుకు స్టూడియో ఆయనది. చాదర్లకూ టవళ్ళకూ ఫోటోలు తీసి వ్యాపారులకు పంపడం, బీడీలు చుట్టే ఆడవాళ్ళకు గుర్తింపు కార్డు ఫోటోలు తీయడం మా పని. పదకొండేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. మగ్గాల చప్పుడుకు గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్ళం. మా మామూలు మాటలు కూడా బయటివాళ్ళకు జగడంలా వినిపించేవి.

నిజమైన జగడం ఒక్క విషయంలోనే. ఫోటోల రంగు దిద్దడానికి కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన కంపెనీ సాఫ్ట్‌వేర్ తప్ప ఆయన ఇంకోటి ముట్టడు. అదేమో నత్త. రెండు వందల టవళ్ళ ఫోటోలు పెట్టి, చాయ్ తాగి వచ్చినా సగం కావు. నేను విసిగిపోయి బయటి సాఫ్ట్‌వేర్ ఒకటి నా లాప్‌టాప్‌లో వేసుకున్నాను.

"పెట్టెల వచ్చింది కన్నకొడుకు బిడ్డా. నువ్వు తెచ్చింది ఇల్లరికపు అల్లుడు," అనేవాడు.

"కొడుకు లేశి నడ్వడు గద కాకా. అల్లుడే లౌకర్ ఉరికి పని జేస్తడు."

"పొరుగింటి పుల్లకూర నీకు రుచి. కన్ను జేసినోనికే చూపు ఎర్క. మన మెరూన్ చాదర్ నీ దాంట్ల ఎర్రగైతది, జూస్కో."

అది నిజమే. బయటి సాఫ్ట్‌వేర్ మా కెమెరా రంగును అందాజాగా చదివేది. ఫోటోలో ఎరుపు చూసి ఆర్డరిచ్చినవాడికి మెరూన్ చాదర్ చేరితే తంటా. అందుకని రంగు పట్టింపున్న పనులు ఆయన దాంట్లో, తొందర పనులు నా దాంట్లో చేసేవాళ్ళం. కార్డు ఫోటోకు వచ్చిన ఆడవాళ్ళు కొంచెం తెల్లగా చేయమని బతిమాలినా ఆయన చేసేవాడు కాదు. "రంగు బరోబర్ జేసుడే మన పని, ముఖం మార్చుడు గాదు," అనేవాడు. నేను ఈ రోజు నాలుగు మెతుకులు తింటున్నది ఆ మాట నేర్చుకునే.

రోజూ పని మొదలుపెట్టే ముందు తెల్ల టవల్ భుజాన వేసుకుని తనను తానే ఒక ఫోటో తీసుకునేవాడు. టవల్ తెల్లగా వస్తే మిగతా రంగులన్నీ దారిన పడతాయని ఆయన లెక్క.

హోలీ తర్వాత ఒకనాడు ఆయన కంప్యూటర్ మొరాయించింది. ఆ పొద్దుటి ఫోటోను నా దాంట్లో తెరిచాను.

"కండ్లు పచ్చగున్నయేంది కాకా?"

ఆయన తన కంప్యూటర్ వైపు తిరిగాడు. "నీ అల్లుని పనే. అన్నిట్ల పచ్చ గలుపుతడు," అన్నాడు.

"కామెర్లోనికి లోకమంత పచ్చగనే కనబడ్తదంట," అని నవ్వాను. ఆయనా నవ్వాడు. నేను రంగు మీటను నీలం వైపు జరిపాను. కళ్ళు తెల్లబడ్డాయి. భుజం మీది టవల్ నీలం తిరిగింది. అంత తేడా కళ్ళముందే ఉన్నా నేను ఆగి ఆలోచించలేదు. ఆయన వైపు తిరిగి అసలు కళ్ళు చూడలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ భయంగా ఉంది.

కాక పోయిన మూడో రోజు చిన్నమ్మ, అంటే ఆయన భార్య, పదోనాటికి ఫోటో కావాలని కబురు పంపింది. ఆయన రోజూ పొద్దున తీసుకున్న ఫోటోలన్నీ ముందేసుకున్నాను. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన దిద్దుబాటు ఫైలులోనే ఉంటుంది గానీ, దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే చదవగలదు. నా దానికి కెమెరా చూసిందే కనిపిస్తుంది. ఆయన దాంట్లో ఏ రోజు చూసినా కళ్ళు మల్లెపూలు. నా దాంట్లో శివరాత్రి నుంచి పచ్చదనం మొదలై వారం వారం చిక్కబడింది. పక్కన టవల్ మాత్రం ప్రతిసారీ తెల్లగానే ఉంది. అంటే తప్పు వెలుతురుది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. ఎవరి ముఖమూ మార్చని మనిషి రోజూ కూర్చుని తన కళ్ళను తెల్లగా దిద్దుకున్నాడు. ఆయన అన్నయ్య ఒకప్పుడు ఆస్పత్రికి పోయి తిరిగి రాలేదు. ఆ భయం కాకను వదలలేదనుకుంటాను.

పిరికిదాన్ని, తెల్ల కళ్ళ ఫోటోనే తీసుకుని వెళ్ళాను. చిన్నమ్మ దాన్ని గుమ్మం దగ్గరి వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది.

"గివి ఆయన కండ్లు గావు," అంది. "పచ్చగున్నయి, దవఖానకు పోదామంటే ట్యూబ్‌లైట్ ఎల్గు అన్నడు. మల్ల ఫోటో తెచ్చి జూపిచ్చిండు. తెల్లగున్నయి. నా కండ్లదే తప్పనుకున్న."

నేను ఫోటో వెనక్కి తీసుకోబోతే ఆమె ఇవ్వలేదు.

"నీ దాంట్ల ఎట్లున్నయి బిడ్డా?"

ఏ ప్రశ్నకు ఇన్నాళ్ళూ భయపడ్డానో అదే అడిగింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"పచ్చగ," అన్నాను. "జూసిన చిన్నమ్మా. సాఫ్ట్‌వేర్ తప్పనుకున్న. నేనే తెల్లగ జేసిన."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఫోటో నా చేతిలో పెట్టి, "నీ దాంట్లదే తే," అంది.

పదోనాడు ఆ ఫోటోకే దండ వేశారు. దూరపు చుట్టం ఒకాయన దగ్గరికి వెళ్ళి చూసి, "ఇంత పెద్ద ఫోటోగ్రాఫర్, ఆయనదే మంచిగ రాలే. కండ్లు పచ్చగొట్టినయి," అన్నాడు. చిన్నమ్మ లేచి, కళ్ళకు అడ్డం పడుతున్న దండను రెండు చేతులా పక్కకు జరిపింది.

"బరోబరే వచ్చింది," అంది.